ఫిర్దోస్ అడగని ‘అంటే’

మా ఆఫీసు హిందూపురం బస్టాండుకు కాస్త అవతల, మోటారు పంపులు బాగుచేసే షాపు మీద ఉంటుంది. మెట్ల దగ్గర ‘అంటే – కంటెంట్, ఎడిటోరియల్ కన్సల్టెన్సీ’ అని బోర్డు పెట్టాం. ఆ బోర్డు చూసి పైకొచ్చినవాళ్ళలో సగం మంది పెళ్ళికార్డులు అడిగారు, మిగిలిన సగం ఫ్లెక్సీలు అడిగారు. ఒక పెద్దాయన పాన్ కార్డులో పుట్టిన తేదీ దిద్దించుకోవాలని వచ్చాడు. ఇది ఆ ఆఫీసు కాదు మహాప్రభో అని నేను మొత్తుకున్నా కదలకుండా కూర్చుని, చివరికి మా ఫిర్దోస్ చేత దిద్దించుకునే పోయాడు.

మేం చేసే పని ఏమిటో మా ఇళ్ళల్లోనే సరిగ్గా తెలియదు. ఆసుపత్రులు, స్కూళ్ళు, చీరల షాపులు, దానిమ్మ ఎగుమతి చేసేవాళ్ళు మా దగ్గరకొస్తారు. లోకానికి ఏం చెప్పుకోవాలి, ఎప్పుడు చెప్పుకోవాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్నది వాళ్ళ తరఫున మేం ఆలోచిస్తాం. రాసీ పెడతాం. నా పేరు గిరి. ఒకప్పుడు జిల్లా పేజీల డెస్కులో సబ్ ఎడిటర్ని. ఫిర్దోస్ అదే పత్రికకు హిందూపురం విలేకరి. జిల్లా పేజీలు తగ్గించినప్పుడు వాటితో పాటు మమ్మల్నీ తగ్గించారు. అప్పుడు ఇద్దరం కలిసి ఈ దుకాణం తెరిచాం.

ఈ కథ ఫిర్దోస్‌ది. నాకు నోరు ఎక్కువని ఊళ్ళో పేరుంది కాబట్టి మధ్యమధ్య నా గొంతు పెరిగితే సర్దుకోండి.

బోర్డు మీద ఉన్న పేరు ఆమె సంపాదించింది. చాలా ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం, తాగునీళ్ళ గురించి ఒక అధికారిని కలవడానికి విలేకరులంతా పోయారు. “సమస్య పరిష్కార దశలో ఉంది” అన్నాడాయన. అందరూ రాసుకున్నారు. ఫిర్దోస్ మాత్రం “అంటే?” అంది. ప్రతిపాదనలు పంపామన్నాడు. “అంటే?” అంది మళ్ళీ. పైనుంచి అనుమతి రావాలన్నాడు. “అంటే?” అంది మళ్ళీ, అదే గొంతుతో, చిన్నపిల్ల పాఠం అడిగినంత మర్యాదగా. ఆయనకు చిర్రెత్తుకొచ్చి “అంటే నీళ్ళు రావమ్మా, ఈ ఎండాకాలానికి రావు!” అని అరిచాడు. మర్నాడు నేను పెట్టిన హెడ్డింగ్ అదే. ఆ రోజు నుంచి ప్రెస్సువాళ్ళు ఆమెను ‘అంటేమ్మ’ అని పిలవడం మొదలుపెట్టారు. వెక్కిరింతగా మొదలై గౌరవంగా స్థిరపడిన పేరది.

ఈ విద్య ఆమెకు వాళ్ళ నాయన అమీర్‌సాబ్ నుంచి వచ్చింది. ఆయన పట్టుగూళ్ళ మార్కెట్లో, గూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ వాళ్ళ తరఫున గూళ్ళు చూసి కొనేవాడు. ఒక గూడు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. లోపలి పురుగు చప్పుడును బట్టి గూడు మంచిదో చెడ్డదో చెప్పేవాడు. “పైకి అన్నీ తెల్లగానే ఉంటాయి పాపా, లోపల కదిలేది వినాల” అనేవాడట. ఫిర్దోస్ మనుషుల మాటల్ని అలాగే చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. పెద్దమాట వినపడితే చాలు, ‘అంటే?’ అని ఒకసారి కదిలించి చూసేది.

అలాంటి మనిషి ఒక్కచోట అడగలేదు. ఆ ఒక్కటీ ఇప్పటికీ ఆమెను పట్టుకుని పీడిస్తోంది.

ధర్మవరంలో సంజీవప్ప అని పట్టుచీరల వ్యాపారి ఉన్నాడు. తాతల నాటి షాపు. మాట మెత్తన, పని గట్టి. పోయినేడు మా ఆఫీసుకొచ్చి, “ఇప్పుడు బెంగళూరోళ్ళు చీర ఒకటే అడగరమ్మా, చీర ఎనకాల కత అడుగుతారు” అన్నాడు. ప్రతి చీర పెట్టెలో ఒక కార్డు పెట్టాలి, ఆ కార్డు మీద నేసినవాళ్ళ జీవితం నాలుగు ముక్కల్లో ఉండాలి, ఫోన్లో చూసుకోవడానికి ఒక వీడియో ఉండాలి. ఆ వరసకు ‘మగ్గం మాట’ అని పేరు పెట్టాం. మొదట ఎవరిది రాద్దామంటే సంజీవప్పే చెప్పాడు: “మా నాయన కాలం నుంచి మాకు నేసిన ఉలిగప్ప అని ఉండె. పోయినాడు పాపం. ఆయప్ప పెండ్లాము కదిరమ్మ ఉండాది. మంచి మనిషి. ఆమెతో మాట్లాడండి.”

మేం ధర్మవరం పోయిన రోజు మధ్యాహ్నానికల్లా పెనుకొండలో ఒక స్కూలు వాళ్ళతో మీటింగ్ ఉంది. కదిరమ్మ ఇల్లు సందు చివర. ముందు గదిలో రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది. చుట్టూ రంగురంగుల పట్టుదారం. నులకమంచం మీద మమ్మల్ని కూర్చోమంది. ఫిర్దోస్ కూర్చుంది, నేను గడప దగ్గర నిలబడ్డాను. సందంతా మగ్గాల చప్పుడే. కదిరమ్మ మెల్లగా మాట్లాడుతోంది. ఉలిగప్ప ఎంత బాగా నేసేవాడో, పెళ్ళయిన కొత్తలో తనకు కండె చుట్టడం ఎట్లా నేర్పాడో చెప్పింది. ఆ తర్వాత నేలకేసి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయప్ప పోయినాక మగ్గం నేనే నిలిపినా పాపా” అంది. అనేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఫిర్దోస్ కళ్ళు కూడా నిండాయి. లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. “బాధపడొద్దు పెద్దమ్మా. ఎంత గొప్ప పని చేసినావు!” అంది. కదిరమ్మ ఏదో అనబోయి ఆగింది. ‘నిలిపినా’ అన్న ఆ మాట నాకూ వినపడింది. అబద్ధమెందుకు, నాకు అందులో హెడ్డింగ్ వినపడింది.

‘మగ్గం నిలిపిన కదిరమ్మ’ అని కార్డు వేశాం. భర్త పోయినా కుంగిపోకుండా ఆయన మగ్గాన్ని ఆపకుండా నిలబెట్టుకొచ్చిన ఇల్లాలు అని కింద రాశాం. ఆమె ఇంట్లో వెలుతురు చాలదని ఫొటో, వీడియో సంజీవప్ప షెడ్డులో తీయించాం. మగ్గం కింద, నేసేవాళ్ళు కాళ్ళు ఆడించే గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోమంటే ఆమె ఎంతకీ ఒప్పుకోలేదు. అంచు మీదే కూర్చుంది. సిగ్గు కాబోలు అనుకుని మేం ముద్దుగా నవ్వుకున్నాం.

కార్డు బ్రహ్మాండంగా పోయింది. ఎవరెవరో ఫోన్ చేసి ఏడ్చామన్నారు. వీడియో వాట్సాప్ గ్రూపుల్లో ఊళ్ళు తిరిగింది. మహిళా దినోత్సవానికి హిందూపురంలో ఒక కాలేజీవాళ్ళు కదిరమ్మను పిలిచి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆమె మైకు పట్టుకుని, “నేను మగ్గం…” అని ఆగింది. హాలంతా చప్పట్లు. చప్పట్లు ఎంతకీ ఆగవు. చివరికి ఆమె దండం పెట్టి వచ్చి కూర్చుంది. ముందు వరసలో ఫిర్దోస్ ముక్కు ఎగబీలుస్తూ నా చేతిరుమాలు లాక్కుంది. పత్రిక పోయాక ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు. ఈ పని కూడా పాత పనంత మంచిదే గిరన్నా అంది తిరుగు దారిలో.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఫిర్దోస్ అలవాటు ప్రకారం స్పీకర్‌లో పెట్టింది.

“మేడమ్, నా పేరు నరసింహులు. కదిరమ్మ కొడుకుని. పెనుకొండ కాడ కార్ల పార్టుల కంపెనీలో పని చేస్తాండా.”

“అవునాప్పా! పెద్దమ్మ నీ గురించి చెప్పనే లేదే.”

“చెప్పదులే మేడమ్. మావోళ్ళు క్యాంటీన్లో మీ వీడియో చూసి నాకు చప్పట్లు కొట్టినారు. మీ అమ్మ శానా గట్టిదిరా అని. మగ్గం నిలిపింది నిజమే. ఎట్ల నిలిపిందో మీరు రాయల్యా.”

అప్పుడడిగింది ఫిర్దోస్. “అంటే?”

“అంటేనా?” అతను నవ్వాడు, మంచి నవ్వు కాదది. “మా నాయన పోయి దినాలు అయిపోయినాయి. నేను ఆ పొద్దు పట్టు తెచ్చుకుందామని హిందూపురానికి వస్తి. మర్నాడే మగ్గం ఎక్కాల అనుకుంటి. నా కంటే బాగా నేస్తావురా అనేవాడు మా నాయనే. సాయంత్రం పట్టు తీసుకుని ఇంటికి పోతే మగ్గం లేదు మేడమ్. విప్పి ఎవురికో ఇచ్చేసింది. గుంత పూడ్చేసింది. పైన బండలు పరిపిచ్చి, దాని మీద మంచం ఏసింది. ఇదేమ్మా అంటే, ‘మీ నాయనతో పాటే నిలిచిపాయ నాయనా’ అనె. ఎన్ని తూర్లు అడిగినా అదే. నిలిచిపాయ, నిలిచిపాయ. దానంతట అది నిలిచిపోయినట్ల! ఆ పొద్దు ఇల్లిడిచి వచ్చినోణ్ణి ఇన్నేండ్లూ మళ్ళ ఆ గడప తొక్కల్యా.”

ఫిర్దోస్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఆ నులకమంచం గుర్తొచ్చింది.

“మొన్న మొన్ననే మనసు మెత్తబడి, వచ్చే వారం పోయి చూసొద్దాం అనుకుంటాంటి. ఇంతలో మీ వీడియో. నా మగ్గం పీకేసింది సాలక, దాని మీద పేరు గూడా తీసుకుంటాందా? శాలువాలు గూడా కప్పించుకుంటాందా? ఇంగ పోను మేడమ్. ఆ మాట మీకు చెప్దామనే చేసినా.” ఫోన్ పెట్టేశాడు. ఫిర్దోస్ తిరిగి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

కింద షాపులో మోటారు గిర్రున తిరుగుతోంది. ఫిర్దోస్ టేబుల్ మీదున్న కార్డు తీసి చూసింది. “నిలిపినా” అంది మెల్లగా. “పేరు నిలిపినా అంటామన్నా. బస్సు నిలిపినా అనీ అంటాము. నాకు తెలీదా ఈ మాట? పుట్టినప్పటి నుంచి వింటాండా. ఆమె బస్సు నిలిపినట్ల చెప్పింది. నేను పేరు నిలిపినట్ల రాసినా.”

ఆపేశాను అని ఆమె అంటే, కాపాడాను అని మేం రాశాం. తప్పు చేశానని ఒప్పుకోవడానికి నోరు తెరిచిన మనిషికి శాలువా కప్పించాం.

నేను ఊరుకోలేక, “మాట తప్పేమీ లేదు కదా ఫిర్దోసూ, ఆమె అన్నదే వేశాం” అన్నాను. నా బతుకంతా డెస్కు మీద గడిచింది, తప్పు మన మీద పడకుండా చూసే విద్య నాకు బాగా వచ్చు.

ఆమెకు కోపం వచ్చింది. “మాట సరిగ్గానే ఉండాదన్నా, మనమే సరిగ్గా లేము. ఆ ఇంట్లో మగ్గం లేదు. చూసినా. బండల మీద మంచం ఉండాది. దాని మీదనే కూచున్యా. గుంతలో కాళ్ళు పెట్టమంటే పెట్టలేదు. అదీ చూసినా. ఇన్ని చూసి ఒక్క మాట అడగల్యా.”

“ఆమె ఏడుస్తోంది కదా. ఏడ్చే మనిషిని ఏమడుగుతావు?”

“విలేకరిగా ఉన్నప్పుడు ఎంత మంది ఏడ్చేవాళ్ళను అడగల్యా? పక్కన కూచుని, కాసేపు తాళి, మెల్లగా అడిగేదాన్ని.” కార్డు బోర్లా పెట్టింది. “నిజం చెప్పనా గిరన్నా? కత దొరికిపోయింది. అంటే అని అడిగితే అది చెడిపోతాదేమో అని భయమైంది. అందుకే అడగల్యా. గొప్ప పని చేసినావని నేనే ఆమె నోరు మూసినా.”

పత్రికలో తప్పు పడితే మర్నాడు మూలన ‘సవరణ’ అని రెండు వరసలు వేసేవాళ్ళం. ఎవరూ చదవరు, అయినా వేసేవాళ్ళం, ఆ రాత్రి నిద్ర పట్టేది. చీర పెట్టెల్లో పోయిన కార్డుకు సవరణ ఎక్కడ వేస్తారు? బెంగళూరులో ఎవరి బీరువా తెరిచి వేస్తారు?

ఫిర్దోస్ సంజీవప్పకు ఫోన్ చేసి కార్డులు ఆపమంది. ఆయనకు అర్థం కాలేదు. “మగ్గం నిలిపింది అనే గదమ్మా రాసినారు? ఆమె నిలిపింది అనే గదా ఆ పిల్లోడు గూడా అంటాండాడు? ఇంగ తప్పు యాడుండాది?” అన్నాడు. పైగా నవ్వాడు. ఫిర్దోస్ ఆయనకు విడమరిచి చెప్పింది. “సరేలేమ్మా, అచ్చయినవి అయిపోయినాక కొత్తది ఏద్దాము” అన్నాడు. అచ్చయినవి ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఆ వరసలో ఇక మేం రాయమని ఫిర్దోస్ చెప్పేసింది. ఆయన నొచ్చుకున్నాడు. మంచి మనిషే, ఆయన తప్పేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే ధర్మవరం పోయాం. కదిరమ్మ అదే చోట కండెలు చుడుతోంది. శాలువా మడిచి గూట్లో పెట్టుంది. మమ్మల్ని చూసి మొహం వెలగలేదు, ముడుచుకోనూలేదు. మంచం చూపించి కూర్చోమంది. ఫిర్దోస్ మంచం మీద కూర్చోలేదు. నేల మీద, రాట్నం పక్కన కూర్చుంది.

“నరసింహులు ఫోన్ చేసినాడు పెద్దమ్మా.”

రాట్నం ఆగింది. “బాగుండాడా?” అంది కదిరమ్మ. అంతకన్నా ఏమీ అడగలేదు.

ఫిర్దోస్ అంతా చెప్పింది. తను ఎట్లా అర్థం చేసుకుందో, ఏమి రాసిందో, అది చూసి కొడుకు ఏమన్నాడో ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఈసారి కదిరమ్మ ఏడవలేదు.

“కార్డు పక్కింటి పిల్ల సదివి చెప్పింది పాపా. ఇది నేను చెప్పింది కాదే అనుకున్యా. మళ్ళ అనుకున్యా, సదువుకున్యోళ్ళు, నాకు కష్టం కాకుండా మార్చి రాసినారేమో అని.”

“ఆ పొద్దు ఇంగా ఏమో చెప్పబోతివి. నేను చెప్పనియ్యల్యా.”

“ఊ. అన్నేండ్లకు చెప్పేకి నోరు వచ్చింటింది. నేనే నిలిపినా అని నోటితో అన్యాను మొట్టమొదటి తూరి. ఎందుకు నిలిపినావు అని అడుగుతావేమో, చెప్పేద్దాం అనుకున్యా. నువ్వు గొప్ప పని చేసినావు పెద్దమ్మా అంటివి. గొప్ప పని అన్యాక ఇంగేం చెప్పేది?” దారం కొస వెతుక్కుంటూ అంది. “మీ హిందూపురంలో మైకు కాడ గూడా చెప్దామనే లేసినా. అందరూ చప్పట్లు కొడ్తిరి.”

ఫిర్దోస్ తల దించుకుంది. నేను గడప దగ్గర నిలబడి చెప్పుల కేసి చూసుకుంటున్నాను.

“ఇప్పుడు అడుగుతాండా పెద్దమ్మా. ఎందుకు నిలిపినావు?”

కదిరమ్మ మంచం కింది బండలకేసి చాలాసేపు చూసింది. సందులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. “ఇప్పుడు రాదు పాపా” అంది. “నోరు ఒక తూరి వచ్చింది, పాయ. మళ్ళ రావాలంటే అడగాల్సినోడు అడగాల. నువ్వు ఎవురు, నేను ఎవురు?” ఆ మాటలో కోపం లేదు. కోపంగా అనుంటే ఫిర్దోస్‌కు కాస్త హాయిగా ఉండేది. రాట్నం మళ్ళీ తిరిగింది. మాకు మజ్జిగ ఇచ్చింది, తాగాం.

అక్కడి నుంచి నేరుగా పెనుకొండ. దారిలో నేను, “అతను కలవడు, తిట్టి పంపిస్తాడు” అన్నాను. “తిట్టనీలే” అంది ఫిర్దోస్. వస్తున్నామని మెసేజ్ పెట్టింది. అతను జవాబివ్వలేదు గానీ, షిఫ్టు అయ్యాక హైవే పక్కన టీ అంగడి దగ్గరికి వచ్చాడు. కంపెనీ చొక్కా, మెడలో కార్డు. మనిషి సన్నగా, మొహం అచ్చం తల్లి మొహం. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏమి మేడమ్, కొడుకు తరపున గూడా ఒక వీడియో తీస్తారా?” అన్నాడు.

“తీయనప్పా. నేను తప్పు చేసినా. అది చెప్పేకి వచ్చినా.” ఫిర్దోస్ నిలబడే మాట్లాడింది. “మీ అమ్మ పేరు తీసుకోల్యా. ఆ పేరు నేను తగిలించినా. ఆమె చెప్పింది వేరే. నేను రాసింది వేరే.”

“ఏమి చెప్పింది మరి? నిలిచిపాయ అనింటాది. ఆ మాటే గదా ఆమెకు వచ్చేది.”

“లేదు. ‘ఆయప్ప పోయినాక మగ్గం నేనే నిలిపినా’ అనింది.”

అతను టీ గ్లాసు అందుకోబోతున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఏమనింది?”

“నేనే నిలిపినా అనింది. ఏడ్సింది.”

“నేనే అనిందా?”

“నేనే అనింది.”

నరసింహులు బెంచీ మీద కూర్చున్నాడు. అతనికి ఆ మాట ‘కాపాడాను’ అనే అర్థంలో ఒక్క క్షణం కూడా వినపడలేదు. మేం ఇద్దరం చదువుకున్నవాళ్ళం, మాటలతోనే బతికేవాళ్ళం, మాకు మాత్రం అది తలకిందులుగా వినపడింది. అతను చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, “ఆ ఒక్క మాట అక్కా” అన్నాడు. మేడమ్ పోయి అక్క వచ్చింది. “ఆ ఒక్క మాట అనమనే నేను అడిగింది. మగ్గం పోతే పోనీ. నేనే నిలిపినా రా, అనుంటే కొట్లాడుకునేవాళ్ళము, రెండు దినాలు అన్నం మానేసేవాణ్ణి, మళ్ళ తినేవాణ్ణి. నిలిచిపాయ, నిలిచిపాయ అని నన్ను పిచ్చోణ్ణి చేసె.” కళ్ళు తుడుచుకున్నాడు. “ఎందుకు నిలిపిందంట? ఏమనింది? ఇంగేమనింది అక్కా?”

బతుకంతా ఊరిని ప్రశ్నలడిగిన ఫిర్దోస్ ముందు ఈ ప్రశ్న పెట్టాడతను. ఆమె మొహం చూడలేక నేను హైవే మీది లారీల కేసి తిరిగాను.

“తెలీదప్పా” అంది. “నేను అడగల్యా.”

“అడగల్యా?”

“చెప్పబోయింది. నేను చెప్పనియ్యల్యా. ఈ పొద్దు పోయి అడిగినా, అడగాల్సినోడు అడగాల అనింది.”

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతుక్కోలేదు, వేళ్ళకు కంఠతా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు.

“మా” అన్నాడు. “నేనే. … ఊ. … తిన్యాలే. … మా, మగ్గం నువ్వే నిలిపినావంట గదా.”

అవతల ఏమందో మాకు వినపడలేదు. ఒక్క ముక్కే అనుంటుంది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని, కోపమూ లేకుండా, తొందరా లేకుండా అడిగాడు.

“అంటే?”

ఫిర్దోస్ నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. మేం పక్కకు వచ్చేశాం. బస్సు వచ్చేదాకా అతను అట్లాగే వింటూ నిలబడి ఉన్నాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఫిర్దోస్ వెనక్కి తిరిగి చూడలేదు. చాలా దూరం పోయాక, “గిరన్నా, ఆ మాట ఆ పొద్దు నేను అడగాల్సింది” అంది. హిందూపురం వచ్చాక ఆఫీసు మెట్ల దగ్గర బోర్డు కేసి చూడకుండా పైకి పోయింది.